పశువు నెమరు, ఎలుక నెమరు

మేసేటప్పుడు పశువు గడ్డిని గబగబా మింగేస్తుంది. సరిగ్గా నమలడమంతా తర్వాతే, చెట్టు నీడన చేరి పడుకున్నాక. కళ్లు అరమోడ్చి, మింగినదాన్ని ముద్దలుగా మళ్లీ నోట్లోకి తెచ్చుకుని, దవడ పక్కకి ఆడిస్తూ గంటల తరబడి నములుతుంది. బెదిరిస్తే నెమరు ఆపేస్తుంది. జరిగినదాన్ని తలుచుకోవడాన్ని కూడా మనం నెమరు వేసుకోవడమనే అంటాం. ఆ మాట పెట్టినవాళ్లకు చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది నాకు.

ఎందుకంటే మెదడు చేసేదీ దాదాపు అదే. 2006లో అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయంలో డేవిడ్ ఫాస్టర్, మాథ్యూ విల్సన్ ఎలుకలను ఒక సన్నని బాట మీద పరుగెత్తించారు. బాట చివర తిండి. ఎలుక మెదడులో హిప్పోక్యాంపస్ అనే భాగం ఉంది. ఎలుక బాటలో ఒక్కో చోటుకి వచ్చినప్పుడు అందులో ఒక్కో కణం మేల్కొంటుంది. ఎలుక పరుగెత్తుతుంటే అవి వరుసగా మేల్కొన్నాయి. వింతంతా అది చివరికి చేరి ఆగినప్పుడే జరిగింది. అవే కణాలు వెనక నుంచి ముందుకి, తలకిందుల వరుసలో మళ్లీ మేల్కొన్నాయి. కొన్ని సెకన్ల పరుగు రెప్పపాటులో వెనక్కి తిరిగింది. బయటి నుంచి చూస్తే ఎలుక ఊరికే నిలబడి ఉంది, అంతే!

మనుషుల్లోనూ ఇలాంటిదే కనిపించింది. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలో కొందరిని ఎడమచేత్తో 41324 అనే అంకెలను 10 సెకన్లు టైప్ చేయమన్నారు. తర్వాత 10 సెకన్లు విరామం. మళ్లీ టైపింగ్, మళ్లీ విరామం. మొదట్లో వేగం పెరిగింది వేళ్లు ఆడుతున్నప్పుడు కాదు, ఆగినప్పుడు. 2021లో అదే బృందం ఆ విరామాల్లోకి తొంగి చూస్తే, మెదడు ఆ అంకెల వరుసను దాదాపు 20 రెట్ల వేగంతో మళ్లీ మళ్లీ తిప్పుకుంటోంది.

స్కాట్లాండ్‌లోని ఎడిన్‌బరోలో 2012లో పెద్దవయసు వాళ్లకు రెండు చిన్న కథలు చెప్పారు. ఒక కథయ్యాక చీకటి గదిలో 10 నిమిషాలు ఊరికే కూర్చోబెట్టారు. రెండో కథయ్యాక బొమ్మల్లో తేడాలు వెతికే ఆట ఇచ్చారు. వారం తర్వాత కూడా, నిశ్శబ్దం దొరికిన కథే ఎక్కువ గుర్తుంది. ఆ ఆటకు కథతో ఏ సంబంధమూ లేదు. అదే నన్ను భయపెడుతుంది. ఒక పాఠం అవ్వగానే రీల్స్ తెరిచే పిల్లలకీ, ఒక మీటింగ్ నుంచి ఇంకో మీటింగ్‌కి దూకే పెద్దవాళ్లకీ ఆ 10 నిమిషాలు ఎక్కడ దొరుకుతాయి?

ఎలుక ప్రయోగం గురించి నేను రెండుసార్లు చదివాను. వెనక్కి ఎందుకు తిప్పుకుంటుందో పరిశోధకులు రాసిన వివరణ ఉంది, కానీ నా బుర్రకెక్కలేదు. చదివిన వెంటనే ఫోన్ అందుకున్నాను మరి. ఒక సాయంత్రం కరెంటు పోయింది, ఫోన్‌లో చార్జింగ్ లేదు. అరుగు మీద కూర్చున్నాను. పక్కింటి దూడ తాడు లాగుతున్న చప్పుడు తప్ప ఇంకేం లేదు. అప్పుడు తట్టింది. తిండి దొరికింది ఇక్కడ. దీనికి ముందు ఎక్కడున్నాను? దానికి ముందు? తిండి దగ్గర మొదలుపెట్టి వెనక్కి నడిస్తేనే, ఏ అడుగు తనను అక్కడికి చేర్చిందో ఎలుకకి తెలుస్తుంది.

కరెంటు వచ్చాక కూడా కాసేపు లైటు వేయలేదు.