ఎయిర్ హారన్‌లో స్వరం ఎలా పుడుతుంది

గజపతి జిల్లా కొండ ఊళ్ల నుంచి పలాసకు సొంత పికప్‌లో జీడిపిక్కలు చేరవేసే పర్లాకిమిడి పాఠకుడొకరు, మలుపుల్లో తన బండి హారన్ ఎదుటి లారీలకు వినబడటం లేదనీ, ఎయిర్ హారన్ బిగించుకోవాలంటే పెద్ద ట్యాంక్ చూడాలా, పొడవైన బూరలు చూడాలా అనీ అడిగారు. ముందుగా హారన్ లోపల గాలి ఏం చేస్తుందో చూడాలి.

బూర మొదట్లో ఒక చిన్న గది, అందులో గొట్టపు అంచును నొక్కిపట్టి ఉంచే డయాఫ్రం అనే పలుచని పొర ఉంటాయి. గదిలోకి గాలి చేరి ఒత్తిడి పెరిగినప్పుడు డయాఫ్రం లేస్తుంది. సందు దొరికిన గాలి బూరలోకి దూసుకుపోగానే ఒత్తిడి తగ్గి, డయాఫ్రం తన బిగువుతోనే మళ్లీ అంచుపై పడుతుంది. ఇది సెకనుకు కొన్ని వందల సార్లు జరుగుతుంది. మన అమ్మవారి సంబరాల్లో కొమ్ము ఊదే కళాకారుడి పెదవులు చేసేది సరిగ్గా ఈ పనే. నోటిలోని ఒత్తిడికి పెదవులు విడిపోతాయి, గాలి జారగానే కలుసుకుంటాయి.

అయితే పెదవులు మాత్రమే కదిలితే బుర్రుమనే చప్పుడు వస్తుంది కాని స్వరం రాదు. పెదవులు వదిలిన ఒత్తిడి తరంగం కొమ్ము చివరిదాకా వెళ్లి, అక్కడ కొంత బయటికి పోయి, కొంత వెనక్కి తిరిగి వచ్చి, పెదవులు మళ్లీ ఎప్పుడు విడిపోవాలో నిర్ణయిస్తుంది. పెదవుల బిగువు కొమ్ము పొడవుకు కుదరనంత వరకు, ఎంత బలంగా ఊదినా నాదం పలకదు. కళాకారుడు బిగువు పెంచి పై స్వరానికి వెళ్లగలడు. హారన్‌లో ఆ బిగువు తయారీలోనే స్థిరపడుతుంది కనుక ఒక్కో బూర ఒక్క స్వరానికే కట్టుబడి ఉంటుంది. కొమ్ము చివర విప్పారినట్లే బూర చివరా విప్పారడానికి కారణం ఉంది: చిన్న డయాఫ్రం ఆరుబయట కదిలితే గాలి పక్కలకు తప్పుకుంటుంది, ఇరుకు గొంతులోనైతే తప్పుకోలేక ఒత్తిడికి లోనవుతుంది, క్రమంగా వెడల్పయ్యే దారి ఆ శక్తిని బయటి గాలికి అప్పగిస్తుంది.

30 డిగ్రీల వేడిలో ధ్వని వేగం సెకనుకు సుమారు 349 మీటర్లు. ఒక కొన మూసిన గొట్టంలో తరంగదైర్ఘ్యం పొడవుకు నాలుగింతలు కనుక 25 సెంటీమీటర్ల గొట్టం దాదాపు 349 హెర్ట్జ్‌ల దగ్గర, 20 సెంటీమీటర్లది 436 దగ్గర పలుకుతాయి. చివర విప్పారిన కొద్దీ ఈ లెక్క మారుతుంది. అంటే పొడవైన బూర ఎక్కువ గట్టిగా కాదు, ఎక్కువ మంద్రంగా పలుకుతుంది. మంద్రస్వరం మలుపు చాటుకు కీచుస్వరం కంటే బాగా వంగి చేరుతుంది కనుక, ఈ పాఠకుడికి కావలసింది అదే. ఇంటర్ ప్రయోగశాలలో అనునాద గొట్టం పక్కన పాత లారీ హారన్ ఒకటి విప్పి చూపితే ఈ పాఠం ఏ విద్యార్థీ మరువడని నా గట్టి నమ్మకం.

ఇక బిగింపు సంగతి. హైడ్రాలిక్ బ్రేకుల పికప్‌లో గాలి ట్యాంక్ ఉండదు కాబట్టి 12 వోల్టుల కంప్రెషర్ పెట్టాలి. అది 20 ఆంపియర్లు లాగితే, ఒక చదరపు మిల్లీమీటరు రాగి తీగ 5 మీటర్లలోనే సుమారు 1.7 వోల్టులు పోతాయి. 4 చదరపు మిల్లీమీటర్ల తీగలో 0.4 మాత్రమే. స్టీరింగ్ మీది బటన్‌కు ఆ కరెంటు ఇవ్వకూడదు. బ్యాటరీ నుంచి ఫ్యూజు ద్వారా రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్) 30వ పిన్నుకు, 87 నుంచి కంప్రెషర్‌కు తీగ వేసి, పాత హారన్ తీగలు రెండింటినీ 85, 86 పిన్నులకు ఒక్కొక్కటిగా కలపాలి. ఎయిర్ బ్రేకులున్న లారీలో బ్రేకుల గాలిని రక్షణ వాల్వు లేకుండా హారన్‌కు మళ్లించడం మాత్రం ప్రాణాంతకం.

1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాల్లోని 119వ నియమం, వరుసగా వేర్వేరు స్వరాలు పలికే హారన్లనూ, మితిమీరి కర్కశంగా, గట్టిగా మోగే పరికరాలనూ నిషేధించింది. అందుకే కొనేముందు హారన్ మీద రాసిన డెసిబెల్ సంఖ్య అడిగి చూసుకోవాలి. 85 డెసిబెల్స్‌ను 8 గంటలు భరించవచ్చనీ, ప్రతి 3 డెసిబెల్స్‌కూ ఆ వ్యవధి సగమవుతుందనీ చెప్పే లెక్క ప్రకారం 112 డెసిబెల్స్ దగ్గర చెవికి దక్కేది నిమిషం లోపే. ఆసుపత్రులు, బడులు, న్యాయస్థానాల చుట్టూ 100 మీటర్ల నిశ్శబ్ద మండలంలో హారనే మోగించరాదు. కాబట్టి పాత హారన్‌ను తీసివేయక, రెండింటికీ మధ్య ఒక మార్పిడి స్విచ్ పెట్టించుకుని, బజారులో పాతదాన్నే వాడమని ఆయనకు నా సలహా. బూరల నోళ్లు కాస్త కిందికి వంగి ఉండేలా బిగిస్తే వాననీరు డయాఫ్రం దాకా చేరదు.