1947లో మారిన ఒక్క మాట.. ట్రంప్ ‘మూడోసారి’ పేచీకి మూలం అదే

ట్రంప్ మూడోసారి అమెరికా అధ్యక్షుడవుతారన్న మాట చల్లారినట్టే చల్లారి మళ్లీ రాజుకుంటోంది. హాస్యానికి అనడం లేదని, అందుకు మార్గాలున్నాయని 2025 మార్చిలో చెప్పిన ఆయనే, ఉపాధ్యక్షుడిగా గెలిచి అధ్యక్షుడయ్యే దారిని జనం మెచ్చరని అక్టోబరులో పక్కన పెట్టారు. ఆ దారికి తనకు అనుమతి ఉందన్న మాటను మాత్రం వదల్లేదు.

తొలి అధ్యక్షుడు జార్జ్ వాషింగ్టన్ రెండు విడతలతో తప్పుకోవడం, ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ నాలుగుసార్లు గెలవడం తెలిసిన సంగతులే. ఇవాళ్టి పేచీకి మూలం అక్కడ లేదు. రూజ్‌వెల్ట్ పోయిన రెండేళ్లకు అధ్యక్ష పదవికి రెండుసార్ల హద్దు పెట్టే రాజ్యాంగ 22వ సవరణను కాంగ్రెస్ రాసిన తీరులో ఉంది.

1946 ఎన్నికల్లో ఉభయ సభలూ రిపబ్లికన్ల చేతికొచ్చాయి. 1947 ఫిబ్రవరి 6న ప్రతినిధుల సభ 285-121 ఓట్లతో ఆమోదించిన ముసాయిదా ముక్కుసూటిగా ఉంది. రెండు పదవీకాలాల్లో పూర్తిగా గానీ, కొంత భాగం గానీ అధ్యక్షుడిగా పనిచేసిన వ్యక్తి ఆ తర్వాత ఆ పదవిని ‘చేపట్టడానికే’ అనర్హుడు. రిపబ్లికన్లలో ఒక్కరూ కాదనలేదు. డెమోక్రాట్లు 47 మంది కలిసొచ్చారు, వారిలో ఎక్కువమంది దక్షిణాది వారు. ఆ వాక్యం అలాగే నిలిచి ఉంటే ఇప్పుడీ గొడవే లేదు.

సెనేట్‌కు అందులో ఒక ఇబ్బంది కనిపించింది. అధ్యక్షుడు మరణిస్తే మిగిలిన నెలో, రెండు నెలలో నెట్టుకొచ్చిన ఉపాధ్యక్షుడికి అదీ ఒక పదవీకాలం కిందే జమ అవుతుంది. కనీసం 365 రోజులు చేస్తేనే ఒక పదవీకాలంగా లెక్కించాలని న్యాయ కమిటీ గీత గీసి చూసింది. చివరికి రిపబ్లికన్ సెనేటర్ రాబర్ట్ టాఫ్ట్ ప్రతిపాదన నెగ్గింది. దాని ప్రకారం ఎవరూ రెండుసార్లకు మించి ‘ఎన్నిక’ కారాదు. మరొకరి పదవీకాలంలో రెండేళ్లకు పైగా చేసినవారైతే ఒక్కసారే ఎన్నిక కావచ్చు. మార్చి 12న సెనేట్ 59-23తో దీన్ని ఆమోదించింది, ప్రతినిధుల సభా ఆ పాఠానికే తలూపింది. 36వ రాష్ట్రం ఆమోదంతో 1951 ఫిబ్రవరి 27న రాజ్యాంగంలో చేరింది. అప్పటి అధ్యక్షుడు ట్రూమన్‌కు మినహాయింపు ఇచ్చారు. తొలిసారి దీనికి కట్టుబడాల్సి వచ్చింది రిపబ్లికన్ ఐసెన్‌హోవరే!

టాఫ్ట్ లెక్క ఎలా పనిచేస్తుందో చూడండి. కెన్నెడీ హత్య తర్వాత లిండన్ జాన్సన్ చేసింది 14 నెలలు. రెండేళ్లలోపే గనుక 1964లో గెలిచినా 1968లో మళ్లీ నిలబడే హక్కు ఉంది. నిక్సన్ రాజీనామాతో వచ్చిన ఫోర్డ్ 29 నెలలు చేశారు, కాబట్టి ఒక్క గెలుపుకే అర్హత. అదీ 1976లో దక్కలేదు. మొత్తం మీద ఎవరికైనా గరిష్ఠం పదేళ్లు.

ఈ సర్దుబాటులో ‘చేపట్టడం’ పోయి ‘ఎన్నిక కావడం’ మిగిలింది. లొసుగు ఉందనేవారు పట్టుకున్నది దీన్నే. రెండుసార్లు గెలిచిన వ్యక్తి ఉపాధ్యక్షుడై, పైవాడు రాజీనామా చేస్తే, ఎన్నిక లేకుండానే అధ్యక్షుడవుతాడన్నది వారి వాదన.

దీనికి 12వ సవరణ అడ్డొస్తుంది. రాజ్యాంగం ప్రకారం అధ్యక్ష పదవికి అర్హత లేనివారు ఉపాధ్యక్ష పదవికీ అర్హులు కారని 1804 నుంచీ ఉన్న మాట. అర్హత అంటే 35 ఏళ్ల వయసు, పుట్టుకతో పౌరసత్వం, 14 ఏళ్ల నివాసం మాత్రమేనని లొసుగు వాదులు బదులిస్తారు. అయితే సెనేట్ పదం మార్చింది అనుకోకుండా కుర్చీ ఎక్కిన ఉపాధ్యక్షుల కోసం. రెండుసార్లు నెగ్గినవారికి దొడ్డిదారి తెరవడానికి మార్చారనుకుంటే, రూజ్‌వెల్ట్ మీద కోపంతో మొదలైన కసరత్తుకే అర్థం ఉండదు.

నిజంగా ఎవరైనా పేరు ఇస్తే ఆపేదెవరన్నది ఇంకో చిక్కు. బ్యాలెట్ పత్రాలు తయారుచేసేది రాష్ట్రాలు. కానీ తిరుగుబాటులో పాల్గొన్నవారు పదవులకు అనర్హులనే రాజ్యాంగ నిబంధన కింద జాతీయ స్థాయి అభ్యర్థులను రాష్ట్రాలు తొలగించలేవని సుప్రీంకోర్టు 2024 మార్చి 4న తేల్చింది. 22వ సవరణకూ అదే వర్తిస్తుందా అన్నది ఆ తీర్పులో లేదు. జనవరి 6న కాంగ్రెస్‌లో జరిగే ఓట్ల లెక్కింపులో అభ్యంతరం లేవనెత్తాలన్నా, 2022 చట్టం ప్రకారం రెండు సభల్లోనూ ఐదో వంతు సభ్యుల సంతకాలు కావాలి. అది నెగ్గాలంటే రెండు చోట్లా మెజారిటీ ఉండాలి.

రాజమార్గం సవరణను మార్చడమే. దానికి రెండు సభల్లో మూడింట రెండొంతుల ఓట్లు, 50లో 38 రాష్ట్రాల ఆమోదం అవసరం. 2025 జనవరిలో టెన్నెసీ ప్రతినిధి ఆండీ ఓగల్స్ పెట్టిన తీర్మానం మూడుసార్లకు వీలిస్తుంది గానీ, వరుసగా రెండుసార్లు గెలిచినవారికి మళ్లీ అవకాశం ఇవ్వదు. అంటే వరుసగా గెలవని ట్రంప్‌కు తలుపు తెరుచుకుంటుంది, క్లింటన్, బుష్, ఒబామాలకు మూసే ఉంటుంది.