ఈగ గుడ్డులో తల ఎటు?

గ్రహణం నాడు గర్భిణి కత్తిపీట పడితే బిడ్డకు మొర్రి వస్తుందని తన అత్తగారు గట్టిగా నమ్ముతారనీ, అసలు ఏ అవయవం ఎక్కడ రావాలో పిండానికి ఎలా తెలుస్తుందనీ పర్లాకిమిడి నుంచి ఒక పాఠకురాలు అడిగారు. గ్రహణానికీ మొర్రికీ ఏ సంబంధమూ లేదు. రెండో ప్రశ్నకు మాత్రం, మాగిన పండ్ల మీద ముసిరే డ్రోసోఫిలా ఈగలో చక్కటి జవాబు దొరికింది.

దాని గుడ్డు పొడవు అర మిల్లీమీటరు. సూక్ష్మదర్శినిలో చూస్తే ఒక కొస దగ్గర సన్నని శ్వాస తంతువులు రెండు పొడుచుకొని కనిపిస్తాయి. తల ఏర్పడేది ఆ కొసనే. బైకాయిడ్ అనే జన్యువు నుంచి వచ్చిన సందేశ ఆర్‌ఎన్‌ఏను తల్లి ఈగ గుడ్డు పెట్టకముందే అక్కడ చేరుస్తుంది. తరువాత దాని నుంచి తయారైన ప్రోటీన్ వెనక్కి వ్యాపిస్తుంది. తొలి గంటల్లో కేంద్రకాలు విభజన చెందుతున్నా వాటి మధ్య కణత్వచాలు ఉండవు కనుక దానికి పెద్దగా అడ్డు లేదు.

వీధి గుమ్మం నుంచి పెరటి దాకా గదులు వరసగా ఉండే మా వైపు పొడవాటి ఇంట్లో, ముందు గదిలో పనసపండు కోశారనుకుందాం. కిటికీలన్నీ మూస్తే కాసేపటికి ఇల్లంతా ఒకే వాసన నిండుతుంది. అవి తెరిచి ఉండి, పండు వాసన వదులుతూనే ఉంటేనే గది గదికీ ఘాటు తగ్గుతూ పోతుంది. బైకాయిడ్ ప్రోటీన్ కూడా ముందు కొసన తయారవుతూ, గుడ్డంతటా విచ్ఛిన్నమవుతూ ఉండటం వల్లనే ముందు నుంచి వెనక్కి తగ్గుతూ పోయే ఈ గాఢత వాలు నిలుస్తుంది. సుమారు 100 మైక్రాన్ల (మిల్లీమీటరులో పదో వంతు) దూరానికి దాని గాఢత మూడో వంతుకు కాస్త పైన మాత్రమే మిగులుతుంది. ఏ గదిలో ఉన్నామో వాసనను బట్టి చెప్పగలిగినట్టే, కేంద్రకాలు ఈ గాఢతను బట్టి తమ స్థానాన్ని గుర్తిస్తాయి. పండు పెద్దదైతే ఘాటు మరో గది దాటుతుంది: 1988లో డ్రీవర్, న్యూస్లైన్-ఫోల్‌హార్డ్ అనే శాస్త్రవేత్తలు తల్లిలో ఈ జన్యువు ప్రతులను పెంచి చూసినప్పుడు పిండంలో తల సరిహద్దు వెనక్కి జరిగింది. తల్లిలో జన్యువు పనిచేయకపోతే తల, రొమ్ము భాగాలు ఏర్పడక, ముందు కొసన కూడా తోక నిర్మాణాలు వస్తాయి. తండ్రి నుంచి మంచి ప్రతి అందినా ప్రయోజనం ఉండదు.

బైకాయిడ్ ముందు సగంలో హంచ్‌బ్యాక్ అనే మరో జన్యువును పనిచేయిస్తుంది. ఈవెన్-స్కిప్డ్ అనే ఇంకో జన్యువు పిండంలో ఏడు అడ్డ చారలుగా పనిచేస్తుంది; ఆ రెండూ కలిసి వాటిలో రెండో చారను ప్రేరేపిస్తే, దానికి ముందువైపు జెయింట్, వెనుకవైపు క్రుప్పెల్ అనే జన్యువులు హద్దులు గీస్తాయి. కంటికో జన్యువు, కాలికో జన్యువు అన్నట్టు బడిలో చెప్పే పాఠంలో ఈ బేరసారాలకు చోటే ఉండదు.

అయితే బైకాయిడ్ మనుషుల్లో లేదు. ఈగకు దగ్గరి చుట్టమైన అనాఫిలిస్ దోమలోనూ లేదు. అక్కడ తల స్థానాన్ని నిర్ణయించే పని వేరే జన్యువులది.