'జాకాల్' వెనక ఉన్న బయాఫ్రా

2025 జూన్ 9న, 86 ఏళ్ల వయసులో ఫ్రెడరిక్ ఫోర్సైత్ చనిపోయాడు. ఆ పేరు వినగానే మనకు 'ది డే ఆఫ్ ద జాకాల్' గుర్తొస్తుంది. ఆ నవలలో ఉన్నది పారిస్. కానీ విలేఖరిగా ఉన్న మనిషి నవలాకారుడిగా మారడానికి కారణం ఆఫ్రికాలో జరిగిన ఒక యుద్ధం.

కెంట్‌లో పుట్టి, కొన్నాళ్లు బ్రిటన్ వైమానిక దళంలో పనిచేసి, 1961లో రాయిటర్స్ వార్తా సంస్థలో చేరాడు. పారిస్‌లో ఫ్రాన్స్ అధ్యక్షుడు ద గాల్‌కు సంబంధించిన వార్తలు చూసేవాడు. ఫ్రాన్స్ ఏలుబడిలో ఉన్న అల్జీరియాను వదులుకున్నాడన్న కసితో ఓఏఎస్ అనే రహస్య సంస్థ ద గాల్‌ను చంపాలని తిరుగుతున్న రోజులవి.

1965లో బీబీసీకి మారాడు. రెండేళ్లకు, 1967 మే 30న, నైజీరియా తూర్పు ప్రాంతం బయాఫ్రా పేరుతో విడిపోయింది. అంతకు ముందు ఏడాది ఉత్తరాన, తూర్పు ప్రాంతానికి చెందిన ఇగ్బో జాతివాళ్లను వేల సంఖ్యలో ఊచకోత కోశారు. అయినా బ్రిటన్ ప్రభుత్వం లాగోస్‌లోని నైజీరియా ప్రభుత్వం పక్షానే నిలిచి ఆయుధాలిచ్చింది. తూర్పున చమురుందన్న సంగతి ఇక్కడ మరవకూడదు. యుద్ధ వార్తలు రాయడానికి వెళ్లిన ఫోర్సైత్‌కు బీబీసీతో చెడింది. ప్రభుత్వం మాటే తన సంస్థ పలుకుతోందని ఆయన కోపం, ఆయన బయాఫ్రా వైపు మొగ్గుతున్నాడని పైవాళ్ల అభ్యంతరం. 1968లో ఉద్యోగం వదిలేసి, సొంతంగా అక్కడికే తిరిగి వెళ్లాడు.

మొగ్గిన మాట నిజమే. బయాఫ్రా నేత ఒజుక్వుకు ఆయన స్నేహితుడు, తర్వాత ఆయన జీవిత చరిత్ర కూడా రాశాడు. కానీ నైజీరియా దిగ్బంధంలో పిల్లలు తిండి లేక చచ్చిపోతున్నారన్న వార్తలో అబద్ధం లేదు.

1970 జనవరిలో బయాఫ్రా లొంగిపోయింది. ఫోర్సైత్‌కు ఉద్యోగం లేదు, చేతిలో చిల్లిగవ్వ లేదు. పారిస్ అనుభవాన్ని బయటికి తీసి, ద గాల్‌ను చంపడానికి కుదిరిన కిరాయి హంతకుడి కథగా 35 రోజుల్లో 'జాకాల్' నవల రాసేశాడు. ద గాల్ అప్పటికింకా బతికే ఉన్నాడు. చావడని ముందే తెలిసిన మనిషి మీద హత్యాయత్నం కథ ఎవరు చదువుతారని కొందరు ప్రచురణకర్తలు తిప్పి పంపారు. 1971లో అచ్చయ్యాక తేలిందేమిటంటే, పాఠకుడి టెన్షనంతా హంతకుడు ఆ పని ఎలా చేస్తాడన్న దాని మీదే. చనిపోయిన పసివాడి జనన ధ్రువపత్రంతో పాస్‌పోర్ట్ సంపాదించడం లాంటి వివరాలు విలేఖరికే తడతాయి. 1974లో వచ్చిన 'ది డాగ్స్ ఆఫ్ వార్'లోని కిరాయి సైనికులకు మూలం బయాఫ్రాలో ఆయన చూసిన లోకమే.

2015లో తన జ్ఞాపకాల పుస్తకంలో మరో సంగతి బయటపెట్టాడు. బయాఫ్రా రోజుల నుంచే బ్రిటన్ గూఢచార సంస్థ ఎంఐ6కు, జీతం తీసుకోకుండా, సమాచారం అందించాడట. అంటే, ఏ ప్రభుత్వ విధానాన్ని దుమ్మెత్తి పోశాడో ఆ ప్రభుత్వానికే. ఒజుక్వు 2011లోనే చనిపోయాడు కాబట్టి, ఈ మాట వినే అవకాశం ఆయనకు రాలేదు.