ఉపాధి కూలి కనీస వేతనం నుంచి ఎలా విడిపోయింది

ఉపాధి హామీ స్థానంలో కొత్త చట్టాన్ని 2025 డిసెంబరులో పార్లమెంటు ఆమోదించినప్పటి నుంచి చర్చంతా రోజుల లెక్క చుట్టూ తిరుగుతోంది. వంద రోజులు 125 అవుతాయి. విత్తనాలు, కోతల కాలంలో ఏడాదికి మొత్తం 60 రోజులు పనులు ఆపవచ్చు. పాత పథకం 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ఎలా మొదలైందో మన పల్లెల్లో కొత్తగా చెప్పనక్కర్లేదు. రోజు కూలి ఎంత, దాన్ని ఎవరు నిర్ణయిస్తారు అన్నదే ఎవరూ గట్టిగా అడగడం లేదు. గొడవకు అసలు మూలం అక్కడే ఉంది.

ఉపాధి హామీని తెచ్చిన 2005 చట్టం ఆరో సెక్షన్‌లో రెండు దారులున్నాయి. కేంద్రం రేటు ప్రకటించే దాకా వ్యవసాయ కూలీలకు రాష్ట్రం నిర్ణయించిన కనీస వేతనమే ఇవ్వాలన్నది రెండో ఉపసెక్షన్. 1948 కనీస వేతనాల చట్టంలో ఏమున్నా సరే, కేంద్రం తన రేటు తాను ప్రకటించుకోవచ్చన్నది మొదటిది. మొదటి మూడేళ్లు రెండో దారే నడిచింది. 2009 జనవరి 1న కేంద్రం మొదటి దారికి మళ్లి, సొంత రేట్లు ప్రకటించింది. ఆ రోజు నుంచి పక్క చేలో కలుపు తీసే చేతికి ఒక చట్టం, చెరువులో పూడిక తీసే అదే చేతికి ఇంకో చట్టం.

కనీస వేతనం కన్నా తక్కువ రేటు చెల్లదని చెప్పడానికి కొత్త వాదనేమీ అక్కర్లేదు. 1983లో సంజిత్ రాయ్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది సరిగ్గా ఇదే. రాజస్థాన్ కరువు పనుల్లో కనీస వేతనం రోజుకు 7 రూపాయలు. జట్టు చేసిన పనిని కొలిచి పంచడంతో చాలామందికి అంతకన్నా తక్కువ ముట్టింది. కరువు సాయమైనా సరే, కనీస వేతనం కన్నా తక్కువకు పని చేయించడం రాజ్యాంగం 23వ అధికరణం నిషేధించిన వెట్టి కిందికే వస్తుందని కోర్టు చెప్పింది. దీని ఆధారంగానే ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 2009లో కేంద్రం రేట్ల నోటిఫికేషన్ అమలును ఆపింది. 2011లో కర్ణాటక హైకోర్టూ కూలీల పక్షానే నిలిచింది. కేంద్రం మాత్రం 2011 జనవరిలో వంద రూపాయలను ప్రాతిపదికగా తీసుకుని వ్యవసాయ కూలీల ధరల సూచీకి ముడిపెట్టి ఊరుకుంది. అప్పట్లో ఆ సూచీలోని సరుకుల బుట్ట 1983 నాటి ఖర్చుల సర్వేది.

పైగా ప్రకటించిన రేటు కూడా అందరికీ చేతికి రాదు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో 2025–26 రేటు 307 రూపాయలు. గుంత పొడవు, వెడల్పు, లోతు టేపుతో కొలిచి ఘనపు మీటర్లు కడతారు. మెత్తని నేలా, గట్టి నేలా, మొరమా, మట్టిని ఎంత దూరం మోశారు, ఎంత ఎత్తుకు ఎత్తారు అన్నదాన్ని బట్టి విలువ కట్టి, హాజరుతో భాగిస్తారు. ఇరవై మంది జట్టుకు పూర్తి రేటు రావాలంటే రోజుకు 6,140 రూపాయల పని తేలాలి. కొలతలో 4,605 తేలితే తలా 230 రూపాయల పావలా. మొరాన్ని మెత్తని నేలగా రాసినా, వాన పడి గట్లు జారాక కొలిచినా ఆ తేడా కూలీ మీదే పడుతుంది. ఎండాకాలంలో నేల గట్టిపడుతుందనే గతంలో 20 నుంచి 30 శాతం వేసవి భత్యం కలిపేవారు. ఇప్పుడు హాజరు యాప్‌లో రోజుకు రెండు ఫొటోలు ఎక్కాలి. రెండో ఫొటో ఎక్కకపోతే గుంత కళ్లెదుటే ఉన్నా హాజరు చిక్కుల్లో పడుతుంది.

కేంద్రం వాదన ఒకటుంది. పాత చట్టం కింద నైపుణ్యం అక్కర్లేని పనికి కూలి మొత్తం కేంద్రమే భరిస్తున్నప్పుడు, రాష్ట్రాలు కనీస వేతనాన్ని ఇష్టం వచ్చినంత పెంచి బిల్లు ఢిల్లీకి పంపుతాయన్నది. కనీస వేతనం, ఉపాధి రేటు రెండింటిలో ఏది ఎక్కువైతే అది ఇవ్వాలని ఆర్థికవేత్త మహేంద్ర దేవ్ కమిటీ సిఫారసు చేసినా అది అమలు కాలేదు.

కొత్త చట్టం ప్రకారం మన రెండు రాష్ట్రాలూ ఖర్చులో 40 శాతం భరించాలి. అంటే పెంచిన ప్రతి రూపాయిలో 40 పైసలు రాష్ట్రం సొంత ఖజానా నుంచే పోతాయి. దాంతో బిల్లు ఢిల్లీకి పోతుందన్న వాదనకు బలం తగ్గింది. అయినా కూలి రేటు ప్రకటించే అధికారం మాత్రం కేంద్రం చేతిలోనే ఉంది.