గని దుంగలకు అంటిన నల్లటి పెచ్చు

1844 సెప్టెంబర్ 28న ఇంగ్లండ్‌లోని డర్హం ప్రాంతంలో హాస్వెల్ బొగ్గు గని పేలింది. 95 మంది చనిపోయారు, వాళ్లలో చిన్న వయసు పిల్లలూ ఉన్నారు. కార్మికుల తరఫు న్యాయవాది పట్టుబట్టడంతో ప్రభుత్వం ఇద్దరు శాస్త్రవేత్తలను విచారణకు పంపింది. ఒకరు మైకేల్ ఫారడే, మరొకరు భూగర్భ శాస్త్రవేత్త చార్లెస్ లయెల్.

అప్పట్లో గనుల్లో జాగ్రత్త ఏపాటిదో లయెల్ చెప్పిన ఒక సంగతి వింటే తెలుస్తుంది. గాలి వేగం కొలవడానికి అక్కడి ఉద్యోగి చిటికెడు తుపాకి మందును కొవ్వొత్తి మంటలో వేసి, ఆ పొగ ఎంతసేపట్లో ఎంత దూరం పోతుందో చూశాడు. మిగతా మందు ఎక్కడ పెట్టారని ఫారడే అడిగితే, ఆయన కూర్చున్నది ఆ మందు సంచి మీదేనని తేలింది.

పేలుడుకు మొదటి కారణం మీథేన్ వాయువు అని అందరికీ తెలుసు. బొగ్గు తీసేశాక పైకప్పు కూలిన ఖాళీల్లో అది పోగవుతుంది. గాలిలో దాని వాటా సుమారు 5 నుంచి 15 శాతం మధ్య ఉన్నప్పుడు నిప్పు తగిలితే చాలు, పేలుతుంది. కానీ ఫారడే, లయెల్ అక్కడితో ఆగలేదు. గనిలో నిలబెట్టిన దుంగలను, బొగ్గు స్తంభాలను, గోడలను దగ్గరగా చూశారు. పేలుడు వచ్చిన వైపు తిరిగి ఉన్న ముఖాల మీద నల్లటి పెచ్చు కట్టి ఉంది. నిప్పు అంటుకున్న చోటికి దగ్గరయ్యేకొద్దీ ఆ పెచ్చు మందం పెరిగింది, కొన్నిచోట్ల దాదాపు అంగుళం ఉంది. చేత్తో నలిపితే పొడి అయింది. భూతద్దంలో చూస్తే కరిగి గుండ్రబడిన రేణువులు కనిపించాయి. రసాయన పరీక్షలో, మామూలు బొగ్గులో ఉండే తారులాంటి మండే పదార్థం చాలావరకు పోయిందని తేలింది. అంటే అది కాలిన బొగ్గు ధూళి. మంటకు మీథేన్ ఒక్కటే ఇంధనం కాలేదని వాళ్లు నివేదికలో స్పష్టంగా రాశారు.

బొగ్గు గడ్డను అంటించడానికి ఎంతో సేపు పడుతుంది. అదే గడ్డను మెత్తని పొడి చేస్తే గాలి తగిలే ఉపరితలం ఎన్నో రెట్లు పెరిగి, రేణువు ఇట్టే మండుతుంది. మీథేన్ పేలగానే దాని గాలి దెబ్బ మంటకన్నా ముందే పరుగెత్తి, నేల మీది ధూళిని పైకి లేపుతుంది. వెనకే వచ్చిన మంట ఆ ధూళి మేఘాన్ని అందుకుంటుంది. అది మండితే కొత్త గాలి దెబ్బ, దాంతో మరింత ధూళి. ఒక మూల మొదలైన ప్రమాదం గని అంతా పాకేది ఇలాగే. నిప్పు ఎక్కడ రాజుకుందన్న ప్రశ్న ఎంత ముఖ్యమో, మంటను మోసుకెళ్లింది ఏమిటన్నది కూడా అంతే ముఖ్యం.

మరణాలపై విచారణ జరిపిన జ్యూరీ మాత్రం అవి ప్రమాదవశాత్తు జరిగిన మరణాలని తేల్చేసింది. ఆ ఖాళీల్లోని వాయువును గొట్టాలతో బయటికి లాగాలన్న శాస్త్రవేత్తల సూచన ఆచరణలో కుదరదని యజమానులు తోసిపుచ్చారు. ధూళి మాట మరుగున పడింది. నన్ను బాధించేది ఇదే. సాక్ష్యం దుంగల మీదే ఉంది, చూసినవాళ్లు చెప్పారు కూడా.

1906 మార్చి 10న ఉత్తర ఫ్రాన్స్‌లోని కురియేర్ గనులు పేలి 1,099 మంది చనిపోయారు. అక్కడ మీథేన్ బెడద లేదనుకుని మూత లేని దీపాలు కూడా వాడేవారు. అయినా మంట కిలోమీటర్ల కొద్దీ సొరంగాలను చుట్టేసింది. 20 రోజుల తర్వాత 13 మంది ప్రాణాలతో బయటపడ్డారు. బొగ్గు ధూళి ఒక్కటే ఇంత పని చేయగలదన్న మాటను ఇక ఎవరూ కొట్టిపారేయలేకపోయారు.

విరుగుడు ఇంగ్లండ్‌లోని ఆల్టాఫ్ట్స్‌లో దొరికింది. 1886లో అక్కడి గనిలో పేలుడు జరిగినప్పుడు, రాతి ధూళి ఉన్న దారుల్లో మంట ముందుకు పోలేదని గని ఇంజినీరు విలియం గార్ఫోర్త్ గమనించాడు. 1908 నుంచి పెద్ద ఇనుప సొరంగం కట్టి, కావాలనే పేలుళ్లు జరిపి పరీక్షించాడు. బొగ్గు పొడితో సున్నపురాయి లాంటి రాతి పొడి కలిస్తే, అది మండదు సరికదా మంటలోని వేడిని పీల్చేస్తుంది. గొలుసు అక్కడే తెగిపోతుంది. బ్రిటన్ 1920లో గనుల్లో రాతి పొడి చల్లడాన్ని తప్పనిసరి చేసింది. హాస్వెల్ దుంగల మీద ఆ పెచ్చు కనిపించి అప్పటికి 76 ఏళ్లు.