దీపాలదిన్నె రాళ్లు ఊరు దాటిన కథ

గుంటూరులో బస్సెక్కి అమరావతి బౌద్ధ స్తూపం దగ్గర దిగినవాళ్లలో చాలామంది "ఇంతేనా?" అంటారు. గడ్డి మధ్యలో గుండ్రటి వేదిక, అంచున నిలబెట్టిన కొన్ని రాతి పలకలు. అంతే మరి. పక్కనే ఉన్న మ్యూజియంలో కొంత దొరుకుతుంది. మిగతా శిల్పాల్లో ఎక్కువ భాగం చెన్నై ఎగ్మూరు మ్యూజియంలోను, 120 దాకా లండన్ బ్రిటిష్ మ్యూజియంలోను ఉన్నాయి. వాటిని వెనక్కి తేవాలనే మాట రాజధానికి ఈ పేరు పెట్టాక మళ్లీ జోరందుకుంది.

తెల్లవాళ్లు ఎత్తుకుపోయారంటే సగం కథే చెప్పినట్టు. 1790ల్లో రాజా వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు చింతపల్లి వదిలి ఇక్కడ కొత్త ఊరు కట్టించాడు. ఊరికి రాయి కావాలి. దీపాలదిన్నె అని జనం పిలుచుకునే ఈ స్తూపపు దిబ్బలో కావలసినంత ఉంది. కొన్ని పలకలు శివగంగ కోనేటి మెట్లయ్యాయి, కొన్ని సున్నం బట్టీకెక్కాయి. పాలరాయి అని పేరేగానీ అది పల్నాటి సున్నపురాయి. కాలిస్తే సున్నమే.

ఈస్టిండియా కంపెనీ సర్వేయరు కాలిన్ మెకంజీ 1816లో రెండోసారి వచ్చేసరికి దిబ్బ నడుమ చెరువు తవ్వేసి ఉంది. ఆయన బృందం మిగిలినవాటికి బొమ్మలు గీసింది. తర్వాత మాయమైన ఎన్నో రాళ్లకు ఇప్పుడు ఆ బొమ్మలే ఆధారం.

1845లో కంపెనీ అధికారి వాల్టర్ ఇలియట్ తవ్వించి పలకలను మద్రాసు చేర్చాడు. అక్కడ పద్నాలుగేళ్లు ఎండకూ వానకూ ఆరుబయటే పడున్నాయి. 1859లో ఓడెక్కి లండన్ వెళ్లినా రాత మారలేదు. 1867లో వాస్తుకళా చరిత్రకారుడు జేమ్స్ ఫెర్గూసన్ కంటపడేదాకా గోదాములోనే. అసలు దెబ్బ 1880లో తగిలింది. మద్రాసు గవర్నరు హుకుంతో దిబ్బంతా తవ్విపోశారు. మరుసటేడు పురావస్తు శాస్త్రవేత్త జేమ్స్ బర్జెస్ వచ్చి చూస్తే మిగిలింది పెద్ద గొయ్యి.

అప్పుడు గుంటూరు మద్రాసు ప్రెసిడెన్సీలోదే కాబట్టి దొరికినవి మద్రాసు వెళ్లాయి. 1953లో ఆంధ్ర విడిపోయింది, రాళ్లు మాత్రం అక్కడే ఆగిపోయాయి. నన్నడిగితే లండన్ కంటే ముందు మాట్లాడాల్సింది చెన్నైతోనే. దాని గురించి మాత్రం ఎవరూ పెద్దగా గొంతెత్తరు.

లండన్‌లో ఉన్న ఒక పలకకు రెండు వైపులా చెక్కడం ఉంది. ఒకవైపు బోధివృక్షం, కింద ఖాళీ ఆసనం, చుట్టూ దండం పెడుతున్న జనం. బుద్ధుడి రూపం లేదు. కొన్ని వందల ఏళ్ల తర్వాత ఎవరో శిల్పి దాన్నే తిరగేసి, వెనకవైపు స్తూపాన్ని చెక్కాడు: ప్రాకారం, ద్వారం దగ్గర సింహాలు, పైన అండం, అంటే గుండ్రటి గుమ్మటం. అమరావతి స్తూపం నిండుగా ఎలా ఉండేదో ఊహించుకోవడానికి ఇప్పుడు ఇలాంటి పలకలే దిక్కు.